మరల విద్యార్థిని అయిన వైమానికురాలు

ఎద్దుబండి తోలుటలో ఆరితేరినవాడు మొదటిసారి గుర్రపుబండి పగ్గములు పట్టినయెడల ఏమగును? అతని చేయి కదలకముందే బండి మలుపు దాటిపోవును. విమానము నడుపువారికిని ఇట్టి దినము వచ్చును. చిన్న శిక్షణ విమానములో నేర్చినవారు బలమును వేగమును గల విమానమెక్కినప్పుడు మరల మొదటినుండి నేర్చుకొనవలెను. అమీలియా ఇయర్‌హార్ట్ జీవితము ఇందుకు దృష్టాంతము.

ఆమె 1897 జూలై 24న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమందు జన్మించెను. 1921 జనవరిలో కాలిఫోర్నియాలో నేటా స్నూక్ అను స్త్రీయొద్ద విమానవిద్య ఆరంభించెను. పాఠముల రుసుముకై టెలిఫోను కంపెనీలో పనిచేసెను. ఆ యేడే కిన్నర్ ఎయిర్‌స్టర్ అను పసుపుపచ్చని చిన్న విమానమును సంపాదించుకొనెను. దాని ఇంజను బలము సుమారు 60 హార్స్‌పవర్ మాత్రమే.

1928 జూన్‌లో అట్లాంటిక్ మహాసముద్రమును విమానములో దాటిన మొదటి స్త్రీ అని ఆమెకు గొప్ప పేరు వచ్చెను. జనులు ఊరేగించిరి. అయితే అది మూడు ఇంజనుల పెద్ద విమానము. దారి పొడుగునను మేఘములు క్రమ్మెను. ఏమియు కనబడనప్పుడు ఎదుటనున్న ముళ్ల పరికరములనే నమ్మి నడపవలెను. ఆమెకు అప్పటికి ఆ విద్య రాదు. విల్మర్ స్టల్ట్జ్ నడిపెను, ఆమె ఊరక కూర్చుండెను. తాను ఒక మూటవలె మోయబడితినని ఆమె దాచక ఒప్పుకొనెను.

ఒప్పుకొనుటతో ఆగలేదు. 1929లో లాక్‌హీడ్ వేగా అను వేగమైన విమానమును కొనెను. తరువాత ఆమె నడిపిన వేగా బలము ఎయిర్‌స్టర్ బలమునకు ఏడు రెట్లకు పైమాట. అట్టి విమానము నేలకు దిగునప్పుడు చాల ముందుగానే వేగము తగ్గించుకొనవలెను. ఆలోచన విమానముకంటె ముందు నడవవలెను. పేరుపొందిన ఆమె మరల విద్యార్థినియై, పరికరములను చూచి నడుపుటయు అభ్యసించెను.

1932 మే 20న ఆమె న్యూఫౌండ్‌లాండ్‌నుండి ఒంటరిగా బయలుదేరెను. రాత్రివేళ ఎత్తు తెలుపు పరికరము చెడిపోయెను. రెక్కలమీద మంచు పేరుకొని విమానము గిరగిర తిరుగుచు క్రిందికి జారెను. పొగగొట్టము పగిలి మంట కనబడెను. అయినను సుమారు 15 గంటల తరువాత ఉత్తర ఐర్లాండులో ఒక పచ్చిక బయలున క్షేమముగా దిగెను. నాలుగేండ్ల అభ్యాసము ఆ రాత్రి అక్కరకు వచ్చెను.

తరువాత రెండు ఇంజనుల ఎలెక్ట్రా వచ్చెను. శిక్షకుడైన పాల్ మాంట్జ్ ఆమె సిద్ధపాటు చాలదని చింతించెను. 1937 మార్చి 20న హవాయిలో నేలవిడుచుచుండగా ఎలెక్ట్రా ప్రక్కకు తిరిగి చక్రములు విరిగెను. దానిని బాగుచేయించి మరల బయలుదేరి, జూన్‌లో కరాచీ, కలకత్తా దాటెను. జూలై 2న న్యూగినీలోని లేనుండి ఫ్రెడ్ నూనన్‌తో కూడ హౌలండ్ అను చిన్న ద్వీపమునకు పయనమాయెను. అక్కడ కనిపెట్టుకొనియున్న ఓడ ఆమె స్వరమును రేడియోలో వినెను గాని, ఇరువైపుల మాటలు కలియలేదు. వారు మరల కనబడలేదు. ఆ రేడియో పరికరములలో ఆమెకు తగిన అభ్యాసము లేకపోయెనని పరిశోధించినవారు అనేకులు తలంచిరి.

చదువరులారా, ఆమె ధైర్యము ఎన్నడును తరుగలేదు. తరిగినది అభ్యాసమునకు దొరికిన కాలమే. నిన్నటి నేర్పు నేటి బరువును మోయునని తలంచవద్దు. క్రొత్త పని చేతికి వచ్చినప్పుడు, పేరెంత గొప్పదైనను, మరల నేర్చుకొనుటకు సిగ్గుపడక కూర్చుందము.