దుఃఖంలో దారి చూసుకున్న జ్ఞానమ్మగారు

మామిడి కోతలు ముగిశాక మా విచారణలో ఒక తల్లిని చూడబోయాను. భర్త పోయి ఏడాదైంది. తోట గుత్తకు ఇచ్చేసింది. తిండీ నిద్రా సరిగా లేవు, పూజకు రావడం మానేసింది. ఇక తాను ఎవరి కోసం బ్రతకాలని నన్నడిగింది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాణ్ణే గాని, పుస్తకాల జవాబు ఒక్కటీ నోటికి రాలేదు. జ్ఞానమ్మగారి కథ చెప్పాను. మీరూ వినండి.

గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో 1822లో ఒక కతోలిక కుటుంబంలో ఆమె జన్మించారు. 1837లో ఇన్నయ్యగారితో వివాహమైంది. అత్తవారి ఊరు ఇప్పటి తమిళనాడులోని కీలచేరి. మన వైపు నుండి వలసపోయిన తెలుగు కతోలికుల ఊరు అది. అయిదుగురు కొడుకులు కలిగారు. తర్వాత భర్త గతించారు. ఆ కాలపు విధవరాలి బ్రతుకు ఎలాంటిదో మన నాయనమ్మలు చెప్పగా విన్నాం: ఇంట్లో ఒక మూల, శుభకార్యాలకు పిలుపు ఉండదు.

జ్ఞానమ్మగారు ఆ మూలలో కూర్చోలేదు. ఆమె ప్రార్థన ఆమెను పొరుగు పిల్లల దగ్గరకు నడిపించింది. అక్షరం ముక్క రాని ఆడపిల్లల కోసం 1863లో కీలచేరిలో బడి తెరిచారు. ఆడపిల్లకు చదువెందుకనే రోజులవి. (ఆ మాట మన తోటల్లో ఇంకా పూర్తిగా చావలేదు, అది వేరే సంగతి.) ఆ సేవ నుండే పునీత అన్నమ్మ మఠకన్యల సభ పుట్టింది. 1874లో ఆమె ప్రభువునందు నిద్రించారు. 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది.

2016లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన సుమారు 75 వేలమంది నర్సమ్మలను పరిశీలించింది. వారానికి ఒకటికంటే ఎక్కువసార్లు ఆరాధనకు పోయేవారిలో, ఎన్నడూ పోనివారితో పోల్చితే, 16 ఏళ్ళలో మరణాలు 33 శాతం తక్కువ. తోటివారి ఆదరణ అందుకు ఒక కారణమని తేలింది. అయితే పూజను మందుబిళ్ళలా అమ్మడం నాకు ఇష్టం లేదు. నిద్ర పట్టనివారు డాక్టరు దగ్గరకూ వెళ్ళాలి. ఆ తల్లికి అదీ చెప్పాను.

ఇంకొకటి కూడా అడిగాను. ఆ వీధిలో తొలి సత్ప్రసాదానికి తయారయ్యే పిల్లలున్నారు, సాయంత్రాలు వాళ్ళకు జపాలు నేర్పగలవా అమ్మా అని. ఆలోచించి చెబుతానంది. మొన్న ఆదివారం పూజకు వచ్చి వెనుక వరుసలో కూర్చుంది. పిల్లల సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు.