బుర్రకథా పితామహుడు షేక్ నాజర్

హాస్టల్ డేకి ఇంకేం లేకపోయినా సర్దుకుంటాం గానీ, బుర్రకథ లేకపోతే ఊరుకోం. అట్టముక్కతో తంబుర, మెస్సు గిన్నెలతో డక్కీలు చేసుకుని రిహార్సల్స్ చేసిన సీనియర్లూ ఈ సంచిక చదువుతారు. కథకుడి వేషానికి మనలో పోటీ, వంత వేషానికి బతిమాలాటలు. అందుకే ఈ కళకు పితామహుడని పేరుపొందిన షేక్ నాజర్ గారి గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాం.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం, కటిక పేదరికం. చదువు పెద్దగా సాగలేదు గానీ గొంతు మంచిది. చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు కట్టారు. మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు.

అంతకుముందు ఈ కథలు చెప్పి పొట్టపోసుకున్నది జంగాలు. భక్తి కథలు, వీరుల కథలు చెప్పుకుంటూ ఊరూరా తిరిగేవారు. 1940లలో ప్రజానాట్యమండలి ఆ కళను చేపట్టింది. నాజర్ గారు తంబుర భుజాన వేసుకుని, కాలి గజ్జెలతో ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ బెంగాల్ కరువు కథ చెప్పారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలూ చెప్పారు. చదువురాని రైతుకూలీకి కూడా లోకం సంగతులు తెలిసిపోతున్నాయని అప్పటి మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించింది. ఒక పాటగాడికి సర్కారు భయపడిందంటే మాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

కథ ఆయనదే అయినా, కథ నిలబడేది వంతల మీద. తందాన అంటూ డక్కీ వాయించే ఇద్దరిలో ఒకరు హాస్యం చెప్పి నవ్విస్తారు, ఇంకొకరు రాజకీయం అందుకుని నేటి సంగతులు అడుగుతారు. రెండున్నర శతాబ్దాల నాటి బొబ్బిలి కోటలోంచి వంత ఒక్క ప్రశ్నతో మనల్ని రేషన్ షాపు దగ్గరికి తెచ్చేస్తాడు. కథకుడు ఊపిరి తీసుకునేది కూడా అప్పుడే! వంత వేషం వద్దనే తమ్ముళ్ళు ఇది గమనించాలి.

1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో ఆయన చెప్పిన సీతారామరాజు బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

ఆయన తన జీవితకథను చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరబద్ధం చేశారు. దాని పేరు పింజారి. దూది ఏకేవాళ్ళను చిన్నచూపుతో పిలిచే మాట అది. స్కూల్లో కులం కాలమ్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి చెప్పిన వాళ్ళం మాలో చాలామందిమి ఉన్నాం. ఆయన ఆ మాటనే పుస్తకం అట్ట మీద వేయించుకున్నారు.

ఈసారి మేం పల్నాటి యుద్ధం వేస్తున్నాం. కథకుడు కుదిరాడు. రాజకీయం వంత ఇంకా ఖాళీ. పేరు ఇచ్చేవాళ్ళు ఆదివారం స్టడీ అవర్ అయ్యాక రావాలి. డక్కీలకు గిన్నెలు మాత్రం వంటాయన్ని అడిగే తేవాలి.