కీళ్ళవాతం మందు వెనుక మన తెలుగు డాక్టరు – యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. అప్పట్లో మన భద్రాచలం తాలూకా, ఆ భీమవరం ఒకే గోదావరి జిల్లా కింద ఉండేవి. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. పాత లెక్కన ఆయన మన జిల్లావారే అని నేను మిత్రులతో అంటుంటాను.

ఆయన బాల్యం కష్టాలతో గడిచింది. తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది. మామగారి సాయంతో అమెరికా చేరి, బోస్టన్‌లో ఆసుపత్రి పోర్టరుగా పనిచేస్తూ హార్వర్డులో చదివారు.

కండరం బిగియడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం. సుబ్బారావుగారు, ఫిస్క్ దొరగారు మొదట భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతతోనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. మనం కుర్చీలోంచి లేచే ఆ మొదటి క్షణాల బలం దానిదే. పాత నమ్మకం నిలవలేదు. అయినా హార్వర్డులో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. 1947లో బోదకాలు క్రిములకు హెట్రజాన్ వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడ పుట్టినదే. 1948 ఆగస్టులో, 53వ ఏట, స్వదేశాన్ని మళ్ళీ చూడకుండానే న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1995లో మన తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ విడుదల చేసింది.

మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి పనికివస్తుందని 1980 దశకంలో జరిగిన పరీక్షలు రుజువు చేశాయి. కొందరికి ఆ మందు, కొందరికి ఉత్త బిళ్ళ ఇచ్చి, ఎవరికేదో తెలియనీయకుండా పోల్చి చూశారు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధికి దానిని అనుమతించింది.

పెన్షనరు మిత్రులకు, మందులందించే కోడళ్ళకు, కొడుకులకు నా మనవి ఒక్కటే. కీళ్ళవాతానికి ఈ బిళ్ళ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరబాటున రోజూ వేసుకుని ప్రాణాలు కోల్పోయినవారున్నారు. ఏ వారమో చీటీపై తెలుగులో పెద్దక్షరాలతో రాయించుకోండి. తోడుగా డాక్టరిచ్చే ఫోలిక్ ఆమ్లం బిళ్ళను మానవద్దు. అదీ సుబ్బారావుగారి చేతి చలవే.

వయసుతో అరిగిన మోకాళ్ళకు ఇది మందు కాదు. వాటికి తొడ కండరాలను బలపరిచే వ్యాయామం నొప్పి తగ్గిస్తుందని అనేక పరీక్షల్లో తేలింది. ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకుని, రోజూ చేయడం మంచిది. నూనెలు, లేపనాలు అమ్మేవారు ఎదురైతే, కొలిచి చూశారా అని అడుగుదాం. సుబ్బారావుగారి జీవితం మనకు నేర్పింది అదే.