సలీం అలీగారును మా చిన్న దుర్భిణియును

తార్నాక కూడలి దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లలోనికి వేకువనే నడచిపోవుట మా పక్షిపరిశీలక సంఘమువారికి అలవాటు. అచ్చట నెమళ్లు కలవు. దసరానాడు జనులు వెదకి చూచెడు పాలపిట్టయు కలదు. ఈ సంవత్సరము సంఘమునకొక దుర్భిణి కొనదలచి, చిన్నదొకటి, పెద్దదొకటి ఎరవు తెచ్చి అచ్చటనే పరీక్షించితిమి. ఆ పనిలో మాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చిన మహనీయుడు సలీం అలీగారు. హైదరాబాదు రాజ్యమునందలి పక్షులను మొట్టమొదట క్రమముగా గాలించి లెక్కవ్రాసినవారు వారే గనుక, వారి చరిత్రమును ముందు చెప్పి, మా పరీక్షను పిమ్మట చెప్పెదము.

అలీగారు 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించిరి. పసితనముననే తలిదండ్రులిరువురును గతించుటచే మేనమామయగు అమీరుద్దీన్ త్యాబ్జీగారింట పెరిగిరి. బాల్యమున గాలితుపాకితో పిచ్చుకలను కొట్టుట వారికి వేడుక. ఒకనాడు కూలిన పిచ్చుక కంఠమున పసుపుపచ్చని మచ్చ కనబడెను. అదేమి జాతియో తెలిసికొనుటకు మేనమామగారు బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపిరి. కార్యదర్శి మిల్లార్డుగారు విసుగుకొనక పక్షి పేరు చెప్పి, సొరుగులు తెరచి, దూదికూర్చి భద్రపరచిన పక్షులను వరుసగా చూపిరి. ఆ సొరుగులే ఆ బాలుని జీవితమును మార్చివేసినవి.

పిమ్మట కొంతకాలము బర్మాలో కుటుంబవ్యాపారము చూచిరి; అది కలిసిరాలేదు. 1918లో తెహమీనాగారిని వివాహమాడిరి. బొంబాయి వస్తుప్రదర్శనశాలలో కొలువుచేసి, సెలవుపై బెర్లిన్ వెళ్లి స్ట్రెసెమాన్ అను పండితునికడ పక్షిశాస్త్రము నభ్యసించి, తిరిగివచ్చునప్పటికి ధనము చాలదని ఆ ఉద్యోగమే తీసివేయబడియుండెను. చదువు ముగిసెను, జీతము పోయెను! సముద్రతీరమున కిహీం గ్రామములోని యింట చేరి, గిజిగాని గూళ్లచెంత గంటలకొలది కదలక కూర్చుండిరి. మగపక్షి సగము గూడు అల్లును. ఆడుపక్షి వచ్చి చూచి మెచ్చినచో అందు కాపురముండును. వెంటనే మగపక్షి మరియొక గూటికి పూనుకొని మరియొక జంటను వెదకును. మన పల్లెలలో తుమ్మకొమ్మకు వ్రేలాడు గూళ్లలో ఇంత సంసారమున్నదని వారు ప్రకటించిరి. దీనికి తుపాకి పనికిరాదు. కన్నును ఓపికయును కావలెను.

ఆ తరువాత అలీగారు సంస్థానములవారికొక మనవి చేసికొనిరి: ప్రయాణపు ఖర్చులిచ్చినచో జీతము లేకయే పక్షులను పరిశోధింతునని. హైదరాబాదు ప్రభుత్వ మంగీకరించెను. 1931-32లో ఆ పని జరిగెను. తెహమీనాగారును గుడారములలో వెంటనుండిరి. నేడు మేము తిరుగు ఆవరణమున ఆర్ట్స్ కళాశాల కట్టడమప్పటికి లేదు. అది 1934లో మొదలై 1939లో ప్రారంభోత్సవము నందినది. ఆనాటి పద్ధతి ననుసరించి అలీగారు పక్షులను కాల్చి, చర్మములను భద్రపరచి, కొలతలు వ్రాసిరి. దీనిని వారు దాచలేదు, మేమును దాచము. ఆ వ్రాతలు హ్యూ విస్లరుగారి వ్యాఖ్యలతో ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వెలువడినవి. 1939లో తెహమీనాగారు మరణించిరి. 1941లో అలీగారి భారతపక్షుల గ్రంథము, 1968 మొదలు 1974 వరకు రిప్లీగారితో కలిసి వ్రాసిన పది సంపుటములును వచ్చినవి. లుప్తమైనదని చాలకాలము తలచిన కలివికోడి 1986లో కడపజిల్లా పొదలలో మరల దొరకునప్పటికి వారు జీవించియేయుండిరి. 1987లో పరమపదించిరి.

ఇక మా దుర్భిణులు. పట్టకములు కూర్చిన జంటదుర్భిణిని జైస్ వారు జర్మనీలో 1894లో, అనగా అలీగారు పుట్టుటకు రెండేండ్లు ముందు, అమ్మకమునకు తెచ్చిరి. మేము తెచ్చిన రెండును వస్తువును ఎనిమిదింతలుగా చూపునవే. చిన్నదాని ముందరి అద్దము వెడల్పు 21 మిల్లీమీటర్లు, పెద్దదానిది 42. ఆ అంకెను ఎనిమిదిచే భాగించినచో కంటికి చేరు వెలుగుకడ్డీ వెడల్పు వచ్చును: చిన్నదానికి 2.6, పెద్దదానికి 5.25. సూర్యోదయమునకు ముందు వేపచెట్టు క్రింద గెంతుచున్న పిట్ట చిన్నదానిలో నల్లని ముద్దవలె నుండెను. పెద్దదానిలో తోకక్రింది ఎరుపు కనబడి పికిలిపిట్టయని తేలెను. ఎండ వచ్చినపిమ్మట ఈ భేదము దాదాపు మాయమాయెను. పాలపిట్ట రెక్క విప్పినపుడు ఆ నీలము రెండింటను ఒక్కటే. మా కండ్లజోడు మిత్రునికి మాత్రము చిన్నదానిలో అంచులు చీకటిగా తోచెను. కంటిచుట్టు నుండు రబ్బరు కప్పును మడచినపుడు కొంత నయమాయెను. రెండుగంటలు గడచునప్పటికి పెద్దదానిని మెడ నుంచుకొనుటకెవ్వరును ముందుకు రాలేదు.

అంగడిలో పదింతలు చూపునది మేలని చెప్పిరి. మేము నమ్మలేదు, చేయి వణకుటయు పదింతలగును గదా! పెద్దదే కావలెనని కొందరు తుదివరకు వాదించిరి, కలివికోడివంటి రాత్రిపక్షులను పేర్కొనిరి. కాని ఒకదాని వెలకు చిన్నవి రెండు వచ్చును, మేము పదునలుగురము. చిన్నవే రెండు కొంటిమి. అవి విజ్ఞానశాస్త్రపు గదిలోని బీరువాలో, పరిశీలనపుస్తకముతోకూడ నున్నవి. ఆ పుస్తకములో మొదటిపుట గిజిగానిది: గూళ్లు తొమ్మిది, అందు సగము అల్లినవి నాలుగు.