యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు, 1948) అమెరికాలో పరిశోధనలు జరిపిన ప్రముఖ తెలుగు వైద్య శాస్త్రవేత్త. బోదకాలు, రక్తహీనత, రక్త క్యాన్సర్ వంటి వ్యాధులకు మందులు కనుగొనడంలో ప్రధాన పాత్ర వహించాడు. మందులు ప్రపంచమంతటా వ్యాపించినా, వాటి వెనుకనున్న మనిషి పేరు అమెరికా చరిత్రలో చాలాకాలం మరుగున పడిపోయింది.

బాల్యం, విద్య

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకునిగా పనిచేశాడు.

అమెరికాలో

మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన ఆర్థిక సహాయంతో, భార్య శేషగిరిని స్వదేశంలోనే వదిలి 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. ఆ తరువాత భారతదేశానికి మళ్ళీ తిరిగి రాలేదు. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో జీవకణాల శక్తికి ఆధారమైన ఏటీపీని వీరిరువురు వెల్లడించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం లభించకపోవడంతో సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించాడు.

మందులు

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు కూడా ఇది ఉపయోగపడింది. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇవ్వగా వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. క్యాన్సర్ రసాయన చికిత్సకు ఇది తొలిమెట్లలో ఒకటి. 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ ఈ సంస్థలోనే కనుగొన్నాడు.

బోదకాలు నివారణకు వాడే డీఈసీ (హెట్రజాన్) కూడా సుబ్బారావు బృందం కృషి ఫలితమే. 2004లో భారత ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఆరంభించిన బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో, ఈ వ్యాధి పీడిత ప్రాంతమైన కరీంనగర్ వంటి జిల్లాలలో ప్రజలకు పంచిన మాత్ర ఇదే.

మరణం, గుర్తింపు

భారతీయులు అమెరికా పౌరసత్వం పొందడానికి 1946లో చట్టం వీలు కల్పించినా, సుబ్బారావు పౌరుడు కాకుండానే 1948 ఆగష్టులో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది.