గింజల లెక్క తెలిసిన నాయకుడు అమిల్కార్ కబ్రాల్

చేపలు పడిన రోజు పని. పడని రోజు పస్తు. కేప్ వెర్డీ దీవుల్లో మిందెలో అనే రేవు పట్టణం ఉంది. అక్కడ చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో ఇవా ఎవోరా అనే ఒక తల్లి పనిచేసేది. కూలి గంటల లెక్కన. పడవలు నిండుగా వస్తే రోజంతా పని దొరికేది. వలలు ఖాళీగా వస్తే గంటసేపు పని చేయించుకుని పొమ్మనేవాళ్ళు. ఈ కూలి చాలక ఆమె బట్టలు కూడా కుట్టేది. ఆ గంటల కూలితోనే, ఆ సూదీ దారంతోనే పిల్లల్ని సాకి, కొడుకును హైస్కూలు దాకా చదివించింది.

ఆ కొడుకు పేరు అమిల్కార్ కబ్రాల్. పోర్చుగీసు వలసపాలనను ఆఫ్రికా గడ్డ మీంచి పెకలించిన పోరాటాల్లో ఒకదానికి నాయకుడు. అంతకంటే ముందు ఆయన వ్యవసాయ శాస్త్రం చదివిన మనిషి. రైతు గుడిసెలో కూర్చుని గాదెలో గింజలెన్ని ఉన్నాయో లెక్కగట్టిన మనిషి. ఈ రెండో సంగతి తెలిస్తేనే మొదటిది అర్థమవుతుంది.

పశ్చిమాఫ్రికా తీరాన గినీ-బిస్సావ్ అనే చిన్న దేశం ఉంది. దానికి దూరంగా అట్లాంటిక్ సముద్రంలో కేప్ వెర్డీ దీవులున్నాయి. రెంటినీ పోర్చుగల్ ఏలేది. మన గోవాను 1961 డిసెంబరు దాకా వదలకుండా పట్టుకు కూర్చున్న పోర్చుగలే ఇది. కబ్రాల్ 1924 సెప్టెంబరు 12న గినీలోని బఫాతా పట్టణంలో పుట్టాడు. తల్లిదండ్రులది కేప్ వెర్డీ. తండ్రి జువెనాల్ బడిపంతులు. పిల్లవాడు చిన్నగా ఉండగానే కుటుంబం తిరిగి దీవులకు చేరింది.

కరువు ఎవరి పాపం?

కేప్ వెర్డీలో వాన నమ్మకం లేనిది. సాగుకు పనికొచ్చే నేల తక్కువ. అందులోనూ మంచి భూములు కొద్దిమంది ఆసాముల చేతుల్లో ఉండేవి. పేదవాళ్ళు కౌలుకో పాలుకో చేసుకునేవాళ్ళు. 1941 నుంచి 1943 దాకా వానల్లేక కరువొచ్చింది. తేరుకోకముందే 1947, 48ల్లో మళ్ళీ వచ్చింది. వేలూ పదివేల సంఖ్యలో జనం ఆకలికి చచ్చిపోయారు. 1940లో ఆ దీవుల జనాభా లక్షా ఎనభై వేలు. 1950 లెక్కల నాటికి లక్షన్నరకు అటూ ఇటుగా మిగిలింది. కొందరు కాంట్రాక్టు కూలీలుగా ఓడలెక్కి సావో తోమే దీవి కోకో తోటలకు పోయారు. అక్కడి బతుకు వెట్టికి ఒక మెట్టు పైన, అంతే. ఎక్కువమంది మట్టిలో కలిసిపోయారు. 1949 ఫిబ్రవరిలో ప్రాయా పట్టణంలో గంజికేంద్రం దగ్గర తిండి కోసం గుమిగూడిన జనం మీద గోడ కూలింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆకలి చంపనివాళ్ళను గోడ చంపింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు లిస్బన్‌లో సాలజార్ నియంతృత్వం నడుస్తోంది. దీవులకు గింజలు పంపే ఓడలు లేకపోలేదు. పంపాలన్న తలంపు లేదు. కుర్రవాడైన కబ్రాల్‌కు అప్పుడే ఒక సంగతి తలకెక్కింది. వాన పడకపోవడం ప్రకృతి పని. పడనప్పుడు మనిషి చావడం మాత్రం పాలన పని.

1945లో ఆయనకు స్కాలర్‌షిప్ దొరికి లిస్బన్ వెళ్ళాడు. వకీలు చదువో మరో దర్జా చదువో చదవలేదు. వ్యవసాయ కాలేజీలో చేరాడు. నేల కోతకు గురై సారం పోగొట్టుకోవడం మీద పరిశోధన చేశాడు. అందుకోసం పోర్చుగల్‌లోనే అలెంతేజో ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడ వందలాది ఎకరాల కమతాలు ఆసాములవి, పని చేసేది సెంటు భూమి లేని కూలీలు. వాళ్ళు తెల్లవాళ్ళే. వాళ్ళ పొయ్యిలో కూడా పిల్లి లేవలేదు. పోర్చుగీసు జనం తమకు శత్రువులు కారు, వాళ్ళ నెత్తిన కూర్చున్న ప్రభుత్వమే తమ నెత్తినా కూర్చుందని ఆయన చివరిదాకా చెబుతూనే వచ్చాడు. ఆ ఎరుకకు ఆ పల్లెల్లో చూసిన బతుకులు బలమిచ్చాయి.

రెండు వేల గుడిసెల లెక్క

1952లో కబ్రాల్ ప్రభుత్వ వ్యవసాయాధికారిగా గినీకి తిరిగొచ్చాడు. మరుసటేడు వ్యవసాయ గణన పని ఆయనకు అప్పజెప్పారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోసం చేయించిన గణన అది. కచేరీలో కుర్చీ మీద కూర్చుని అంకెలు నింపే పని కాదది. తోటి వ్యవసాయ శాస్త్రజ్ఞురాలైన భార్య మరియా హెలెనా తోడుగా ఊరూరా తిరిగాడు. మూడు వందల యాభైకి పైగా పల్లెల్లో, రెండు వేల రెండు వందలకు పైగా రైతు కుటుంబాల లెక్క రాశారు. ఏ గింజ ఎంత వేశారు, ఎంత పండింది, ఎంత నేల బీడు పెట్టారు, ఇంట్లో ఎంతమంది చేయి ఆడిస్తారు, ఎన్ని పశువులున్నాయి, అన్నీ.

ఆ లెక్కల్లో ఒక దేశం బతుకంతా కనబడింది. తీరప్రాంతపు బలాంతా రైతులు మడ అడవుల్ని కొట్టి, గట్లు పోసి, వానల్ని నిలగట్టి నేలలోని ఉప్పు కడిగి వరి పండించేవాళ్ళు. ఎద్దు లేదు, నాగలి లేదు. మొనకు ఇనప రేకు తొడిగిన నిలువెత్తు చెక్క పారతో బురద ఎత్తి పోయాలి. నాట్లు, కోత, దంపుడు, నీళ్ళు, పొయ్యి కట్టెలు, వీటిలో చాలా బరువు ఆడవాళ్ళ మీదే.

లోపలి ప్రాంతాల్లో వేరుశనగ. అది తినడానికి వేసిన పంట కాదు, పన్ను కట్టడానికి వేసిన పంట. గుడిసె పన్ను రొక్కంగా కట్టాలి. రొక్కం కావాలంటే కాయలు అమ్మాలి. కొనేది గూవేయా కంపెనీ దుకాణం, అది పోర్చుగల్‌లోని సీయూఎఫ్ అనే పెద్ద కంపెనీది. ధర వాళ్ళు చెప్పిందే. గుడ్డ, సబ్బు, ఉప్పు కొనేదీ ఆ దుకాణంలోనే. ఆ ధర కూడా వాళ్ళు చెప్పిందే. వానాకాలం నడిమధ్యకు వచ్చేసరికి గాదె అడుగంటేది. కొత్త పంట చేతికొచ్చేదాకా అడవి పండ్లూ దుంపలే దిక్కు. ఏటికేడాది వేరుశనగే వేయడంతో అడవి తరిగిపోయింది, నేల సారం చచ్చింది. పన్ను కట్టలేనివాణ్ణి రోడ్డు పనికి ఈడ్చుకుపోయేవాళ్ళు. 1950 నాటికి వెయ్యిమంది ఆఫ్రికన్లలో ముగ్గురికే పౌరహక్కులు. తక్కినవాళ్ళంతా చట్టం దృష్టిలో నేటివులు. నూటికి తొంభై తొమ్మిది మందికి అక్షరం రాదు.

వేరుశనగకే దేశాన్ని కట్టిపడేయడం తప్పని, వరికీ రకరకాల పంటలకూ చోటు కావాలని కబ్రాల్ రాశాడు. ప్రభుత్వం లెక్కలు తీసుకుంది, సలహా వదిలేసింది. రైతు పేదవాడు కావడానికి రైతు తెలివితక్కువతనం కారణం కాదని ఆ రెండేళ్ళలో ఆయనకు రుజువైంది. మడ అడవిలో వరి పండించగలవాడు తెలివితక్కువవాడెట్లా అవుతాడు? వాడి చేతికొచ్చిందాన్ని పట్టుకుపోతున్నవాళ్ళున్నారు.

అడిగి తెలుసుకో, ఆ తర్వాత మాట్లాడు

1956 సెప్టెంబరు 19న బిస్సావ్‌లో కబ్రాల్‌తో కలిపి ఆరుగురు చాటుగా ఒక పార్టీ పెట్టారు. గినీ, కేప్ వెర్డీల స్వాతంత్ర్యం దాని ధ్యేయం. మొదట పట్టణ కూలీల్లో పనిచేశారు. 1959 ఆగస్టు 3న పిజిగీతి రేవులో కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. పోలీసులు కాల్చారు. యాభైమంది దాకా రేవులోనే ప్రాణాలు వదిలారు. ఆ నెత్తురు చూశాక పార్టీ తీరు మార్చుకుంది. పట్టణంలో సమ్మె ఒక్కటే చాలదు, జనమంతా ఉన్నది పల్లెల్లో, అక్కడికే పోవాలని నిర్ణయించుకుంది.

పొరుగు దేశమైన గినీ రిపబ్లిక్ రాజధాని కొనాక్రీలో కబ్రాల్ ఒక బడి పెట్టాడు. పల్లెలకు పోయే యువకులకు తర్ఫీదు అక్కడే. పల్లెలోకి ఎట్లా అడుగు పెట్టాలి, పెద్దమనిషిని ఎట్లా పలకరించాలి, మాట ఎక్కడ మొదలెట్టాలి, ఇదంతా నాటకంలా ఆడించి నేర్పేవాడు. ఒకడు ముసలి రైతు, ఒకడు కార్యకర్త. సామ్రాజ్యవాదం, వలసవాదం అని పెద్ద మాటలతో మొదలెట్టినవాణ్ణి మళ్ళీ మొదటినుంచి ఆడమనేవాడు. వేరుశనగ ఎంతకు అమ్మావు తాతా, పన్ను ఎంత కట్టావు, రోడ్డు పనికి నీ కొడుకును తీసుకుపోయారా, ఇట్లా అడగాలి. రైతు తన లెక్క తానే చెప్పుకుంటూ పోతే దోపిడీ అన్న మాట అతని నోటినుంచే వస్తుంది. గుడిసె గుడిసె తిరిగి గణన చేసిన అధికారికి ఆ కిటుకు ముందే తెలుసు.

1963 జనవరిలో సాయుధ పోరాటం మొదలైంది. పోర్చుగల్ నాటో కూటమి దేశం. దాని విమానాలు పల్లెల మీద, పంట చేల మీద బాంబులూ నాపామూ కురిపించాయి. తీరంలో వరి గట్లు తెగి పొలాలు మళ్ళీ ఉప్పుబారాయి. ఆ మధ్యలోనే, 1964 ఫిబ్రవరిలో కస్సాకాలో పార్టీ సభ జరిగింది. తుపాకీ చేతికొచ్చాక రైతుల మీద జులుం చేసిన తమ సొంత కమాండర్లను ఆ సభలోనే శిక్షించారు. శత్రువు తప్పుల కన్నా మన తప్పులు జనానికి ముందు కనబడతాయని కబ్రాల్‌కు తెలుసు.

విముక్తి ప్రాంతాల్లో ప్రజల దుకాణాలు తెరిచారు. రైతు వడ్లో, తోళ్ళో తెచ్చి ఇస్తే గుడ్డ, ఉప్పు, సబ్బు, పనిముట్లు ఇచ్చేవాళ్ళు. గూవేయా కొట్టు కంటే మెరుగైన మారకం. పల్లె కమిటీలో అయిదుగురు, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలన్నది నియమం. చెట్ల నీడన బడులు, ఆకుల పాకల్లో ఆస్పత్రులు నడిచాయి. జనం ఎవరి తలలోని సిద్ధాంతం కోసమో ప్రాణాలివ్వరు, పిల్లలకు బడి, కుండలో అన్నం, భయం లేని బతుకు దొరుకుతాయనుకుంటేనే వస్తారన్నది ఆయన రాజకీయమంతటికీ పునాది.

1973 జనవరి 20 రాత్రి కొనాక్రీలో ఇంటి ముందు కబ్రాల్‌ను కాల్చి చంపారు. కాల్చినవాళ్ళు సొంత పార్టీలోనివాళ్ళే. భార్య అనా మరియా కళ్ళెదుటే జరిగింది. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. పోరాటం మాత్రం ఆగలేదు. అదే ఏడు సెప్టెంబరు 24న గినీ-బిస్సావ్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆఫ్రికా యుద్ధాలతో విసిగిన పోర్చుగీసు సైనికులే 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో నియంతృత్వాన్ని పడగొట్టారు. 1975 జూలై 5న కేప్ వెర్డీ స్వతంత్రమైంది.

జెండా ఎగిరాక

ఇక్కడితో కథ ముగిస్తే అది కబ్రాల్ పద్ధతి కాదు. జెండా ఎగిరాక కుండలో ఏముందో చూడాలి. 1980లో సైనిక కుట్ర జరిగి గినీ-బిస్సావ్, కేప్ వెర్డీ విడిపోయాయి. గినీ-బిస్సావ్‌లో ఆ తర్వాత 2003లో, 2012లో మళ్ళీ కుట్రలు. వేరుశనగ పోయి జీడిమామిడి వచ్చింది. దేశం ఎగుమతుల్లో నూటికి తొంభై వంతులు పచ్చి జీడిపిక్కలే. ఒకే పంట మీద దేశాన్ని నిలబెట్టొద్దని 1950ల్లో ఆయన చెప్పిన మాట గాలికి పోయింది. అక్కడి కుటుంబాలు పిక్కలు ఏరి బియ్యానికి మార్చుకుంటాయి. మంచి ఏడాది కిలో పిక్కలకు కిలో బియ్యం, చెడ్డ ఏడాది రెండు మూడు కిలోలు పోస్తేగాని కిలో రాదు. 2020లో కరోనా వల్ల కొనేవాళ్ళు సమయానికి రాక ధర పడిపోయింది. ఆ దెబ్బ నేరుగా పిల్లల కంచాల మీద పడింది.

ఆ పిక్కల్ని ఏళ్ళ తరబడి ఎక్కువగా కొన్నది మన దేశపు వర్తకులే. మన శ్రీకాకుళం జిల్లా పలాస జీడి ఫ్యాక్టరీలకు కూడా ఆఫ్రికా పిక్కలు వస్తుంటాయి. అక్కడ జీడి రసానికి చేతులు కాలుతున్నా పిక్క ఒలిచే ఆడకూలీకి, అట్లాంటిక్ ఒడ్డున చెట్టుకింద వంగి పిక్క ఏరే ఆడమనిషికి ఒకరి మొహం ఒకరికి తెలీదు. ఇద్దరి మధ్యా ధర నిర్ణయించేవాడు మాత్రం ఉన్నాడు.

కబ్రాల్ ఉంటే వాళ్ళిద్దరి దగ్గరా కూర్చునేవాడు. ఉపన్యాసం చెప్పేవాడు కాదు. రోజుకెన్ని కిలోలు, కిలోకెంత, ఇంటికి ఎన్ని గింజలు చేరాయి అని అడిగి రాసుకునేవాడు. మన కార్యకర్తలు పల్లెకు పోయినప్పుడు ముందు చేయాల్సిన పని కూడా అదే.