వైద్యతపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

దానములలో ప్రాణదానమునకు మించినది లేదని పెద్దలు చెప్పుదురు. దధీచి మహర్షి లోకహితార్థమై తన యెముకలనే దేవతల కర్పించిన కథ పురాణశ్రవణము చేసిన ప్రతివారికిని తెలిసినదే. అట్టి త్యాగము పురాణకాలముతోనే ముగిసినదని తలంపనక్కరలేదు. గోదావరి సీమలో పుట్టి, సముద్రములు దాటి, పరదేశమున ప్రయోగశాలయే ఇల్లుగా జీవించి, పెక్కు దివ్యౌషధముల సిద్ధికి కారకుడైన తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. రక్తపు కాన్సరు సోకిన పసిబిడ్డలకు మొట్టమొదట ఉపశమనము కలిగించిన మందు ఆయన నడపిన పరిశోధనశాలనుండి వెలువడినదే.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానము పెద్దది, రాబడి స్వల్పము. బాలునకు మొదట చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపనెంచి ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టినదని చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువు సాగుచుండగా బంధుమరణములు కలత పెట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. తండ్రి గతించిన పిమ్మట ఆ తల్లి తన నగలమ్మి కుమారుని చదివించెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువు దినములలో సుబ్బారావునకు రామకృష్ణ మఠమువారి సాంగత్యము లభించి, సన్యసింపవలెనను కోరిక పుట్టెను. తల్లి సమ్మతింపలేదు. రోగులకు సేవచేయుటయు తపస్సేయని తలపోసి ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. ఆ చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారును సాయపడిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరియే తరువాత ఆయన ధర్మపత్ని యయ్యెను.

అవి గాంధీమహాత్ముని పిలుపుపై విదేశవస్త్ర బహిష్కారము సాగుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాగారమునకు ఖద్దరు వస్త్రములు ధరించి పోయెను. ఆంగ్లేయాచార్యునకు ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే ఆయనకు దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, ఆయుర్వేదౌషధములను నవీన శాస్త్రరీతిని పరీక్షింపవలెనని ఆయన ఉబలాటపడెను.

ఈ నడుమ ఇంట పిడుగు పడెను. అన్నదమ్ములిద్దరు కొలది దినముల యెడముతో మరణించిరి. వారిని బలిగొన్నది స్ప్రూ అను జీర్ణవ్యాధి. తిన్న ఆహారము వంటబట్టక, రక్తము నీరై, మనిషి నానాటికి క్షీణించుట ఆ వ్యాధి లక్షణము. వైద్యము చదివియు తోడబుట్టినవారిని నిలుపుకొనలేకపోయిన వాని మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. ఆ వ్యాధి మూలము కనుగొనవలెనను పట్టుదల ఆయనను విడువలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి సాయమును, మామగారు సమకూర్చిన ధనమును ఆధారముగా ఆయన అమెరికాకు పయనమయ్యెను. 1922 అక్టోబరు 26న బోస్టను నగరమున అడుగిడెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధులనుగూర్చి చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు పనికిని ఆయన వెనుదీయలేదు. తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని చెంత పరిశోధనకు పూనుకొనెను. రక్తమునందును కండరములయందును గల భాస్వరమును కొలుచు సులభమార్గమును వారిద్దరు కలిసి కనిపెట్టి 1925లో ప్రకటించిరి. పరీక్షనాళికలో పుట్టు నీలవర్ణము ఎంత చిక్కనైనచో భాస్వర మంత హెచ్చని గ్రహించుటయే అందలి కీలకము. వారి పేరిటి ఆ పద్ధతిని జీవరసాయనశాస్త్ర విద్యార్థులు తరతరములుగా నేర్చుచు వచ్చిరి.

ఆ కొలత వలననే మరియొక రహస్యము బయటపడెను. కండరపు రసమును పరీక్షించునపుడు నీలవర్ణము ఉండవలసిన వేగమున పుట్టక, ఆలసించి పుట్టుచుండెను. ఈ ఆలస్య మెందులకని వెదకగా ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము 1927లో వెల్లడియయ్యెను. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు వేరుపరచిరి. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని స్వతంత్రముగా కనుగొనెను. జీవకణము చేయు ప్రతి పనికిని ఏ.టి.పి. చేతిలోని రొక్కము వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ గాదెలోని ధాన్యము వంటిది. కండరము పనిచేయునపుడు రొక్కము వ్యయమగును. గాదెలోనిది తీసి మరల రొక్కము చేసికొనును. అంతకుముందు కండరశక్తిని గూర్చి శాస్త్రజ్ఞులు నమ్మియుండిన సిద్ధాంతము దీనితో మారిపోయెను.

1930లో ఆయనకు హార్వర్డు పి.హెచ్.డి. పట్టము లభించెను. కాని శాశ్వతమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, కొలదికాలములోనే పరిశోధనలకెల్ల నాయకుడయ్యెను. అన్నదమ్ముల మరణమునాటి పట్టుదల అచ్చట ఫలించెను.

దీనికి పూర్వరంగము మన దేశమందే జరిగినది. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముచే అది నయమగునని 1931లో ప్రకటించెను. ఆ సారమందలి గుణకారి యేదో అప్పటికి తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర వంటి ఆకునుండి అట్టి పదార్థమును తీసి, ఆకు అను అర్థమిచ్చు లాటిను పదమునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. ఆకులనుండియు కాలేయమునుండియు లభించునది అత్యల్పము. దానిని ప్రయోగశాలలో తయారుచేయు విధమును సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు సాధించి 1945లో ప్రకటించిరి. స్ప్రూ రోగులకు ఆ మందు గుణమిచ్చెను. తోడబుట్టినవారిని బలిగొన్న వ్యాధికి ఇరువది యేండ్లు దాటిన పిమ్మట మందు చేతికి వచ్చెను. నేడు ఊరూర గర్భిణులకు ఆరోగ్యకార్యకర్తలు పంచు రక్తవృద్ధి మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

అంతటితో కథ ముగియలేదు. బోస్టను బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకీమియా, అనగా రక్తపు కాన్సరు, సోకిన పిల్లలను చూచుచుండెను. ఎముకల మూలుగులో తెల్లకణములు అదుపుతప్పి పెరిగి, మంచి రక్తమునకు తావులేకుండ చేయుట ఆ వ్యాధి స్వభావము. తీవ్రమైన ల్యుకీమియా సోకిన బిడ్డ ఆ కాలమున కొలది వారములో, నెలలో మాత్రమే బ్రతికెడిది. రక్తవృద్ధికి మంచిది కదాయని ఫార్బర్ ఫోలిక్ ఆమ్లపు జాతి మందు నీయగా, వ్యాధి తగ్గుటకు మారు మరింత ప్రజ్వరిల్లెను. చెరువునీరు పైరుకే కాక కలుపునకును ఎరువైనట్లయ్యెను. దుష్టకణములకు కూడ ఇదే ఆహారమైనచో, ఈ ఆహారమును వానికి అందకుండ చేయవలెనను ఆలోచన అప్పుడు బలపడెను.

సుబ్బారావు బృందమువారి కడ అందులకు సాధనము సిద్ధముగా నుండెను. ఫోలిక్ ఆమ్లమును పోలియే, అందలి చిన్న భాగమొకటి మార్పబడిన పదార్థములను వారు తయారుచేయుచుండిరి. అందొకటి అమినాప్టెరిన్, మరియొకటి పిమ్మట మెథోట్రెక్సేటు అని ప్రసిద్ధికెక్కినది. కణము రెండుగా చీలవలెనన్నచో తన వంశలేఖ యగు డి.ఎన్.ఎ.కు ప్రతి వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పనికివచ్చు రూపమునకు తెచ్చు ఎంజైమొకటి కలదు. ఈ కృత్రిమ పదార్థము ఆ ఎంజైములో మారుతాళపుచెవివలె దూరి, తిరుగక అందే బిగిసికొనును. వ్రాత నిలిచిపోవును. వేగముగా పెరుగు దుష్టకణములు అందరికంటె ముందు నశించును. ఈ మర్మము పూర్తిగ విశదమైనది తరువాతి యేండ్లలోనే. మందు మాత్రము ముందే పనిచేసి చూపెను.

ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఈయగా 10 మందికి గుణము కనబడెను. ఆ ఫలితములు 1948 జూనులో ప్రకటింపబడెను. ఆ ఉపశమనము తాత్కాలికమే; వ్యాధి మరల తలయెత్తెను. అయినను మందన్నది లేదనుకొన్న వ్యాధికి మందు కలదని ఋజువయ్యెను. ఆ వ్యాసకర్తల పేర్ల వరుసలో సుబ్బారావు పేరు లేదు.

అదే కాలమున ఆయన నాయకత్వమున మరి రెండు గొప్ప మందులు వెలువడెను. బోదకాలునకు కారణమగు ఫైలేరియా పురుగులపై పనిచేయు హెట్రజాన్ 1947లో వచ్చెను. దాని అసలు పేరు డైఎథైల్ కార్బమజైన్. తెలుగుజిల్లాలలో పెక్కింట ప్రభుత్వమువారు ఇంటింటికి పంచిన బోదకాలు మాత్రలలో ఉన్నది అదియే. మట్టిలోని సూక్ష్మజీవినుండి బెంజమిన్ డగ్గర్ అను వృద్ధాచార్యుడు కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసెను. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది ఆద్యము. 1994లో సూరత్‌లో ప్లేగు వ్యాపించినపుడు ఆ జాతి మందులే ప్రజలను కాపాడెను.

ఇన్ని మందుల వెనుక ఇంటివారు పడిన వ్యథయు కలదు. సుబ్బారావు అమెరికాకు పోయిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవమందే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనే లేదు. చదువు ముగియగనే మరలివచ్చెదనని పోయిన భర్తకై శేషగిరమ్మ ఎదురుచూచుచునే యుండెను. ఒక పరిశోధన ముగియకమునుపే వేరొకటి తగులుకొని ఆయన రాక వాయిదాపడుచు వచ్చెను. లోకమునకు పెట్టిన ఆ భిక్షలో ఆ యిల్లాలి కన్నీటి భాగము కూడ కలదని చదువరులు మరువరాదు. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు హక్కు లభించినను ఆయన దానిని స్వీకరింపలేదు. మాతృదేశమునకు మరలి రాలేదు. పరదేశమునకు పౌరుడును కాలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటి కాయన వయస్సు 53 ఏండ్లు.

ఆయన పోయిన పిమ్మట మందు పెరిగెను. 1956లో గర్భసంబంధమగు ఒకవిధమైన కాన్సరు మెథోట్రెక్సేటు ఒక్కదానితోనే నిర్మూలమగుట వైద్యులు చూచిరి. దానిని ఇతరౌషధములతో కలిపి వాడుటచే పిల్లల రక్తపు కాన్సరు చాలవరకు నయమగు వ్యాధియయ్యెను. సంపన్నదేశములలో నేడు అట్టి పిల్లలు 100 మందిలో సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. కీళ్లవాతమునకును అదే మందును స్వల్పమాత్రలో వారమున కొక్కమారు ఇచ్చుచున్నారు. అజీజ్‌నగర్, మొయినాబాదు, చేవెళ్ల పరిసరములనుండి కాన్సరు రోగులు హైదరాబాదునకు పోవుదురు. అచ్చట 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రివంటి చోట్ల రక్తపు కాన్సరుతో చేరిన బిడ్డకు చేయు చికిత్సలో ఈ మందునకు స్థానము కలదు. ఆ బిడ్డ తల్లిదండ్రులలో ఎందరు ఆయన పేరు వినియుందురు?

ఆయన పేరిట ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసెస్ అని శాస్త్రజ్ఞులు నామకరణము చేసిరి. శతజయంతి వత్సరమగు 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల విడుదల చేసెను. నోబెల్ బహుమానము మాత్రము ఆయనకు రాలేదు.

బోస్టనులో అడుగిడిన నాటినుండి మరణము వరకు ఆయనకు దక్కిన కాలము 26 ఏండ్లు నిండలేదు. ఒక పల్లెలో గ్రంథాలయము నెలకొల్పి రజతోత్సవము జరుపుకొనుటకు పట్టునంత కాలమే అది. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పిన బాలుడు అంతలో అన్ని ప్రాణములు నిలుపగలిగెను. పరీక్ష తప్పి తలవంచుకొన్న పిల్లవాడు మన యిండ్ల నెవరైన నున్నచో, వానిని దండింపక, ఈ కథ చెప్పి, చేయిపట్టుకొని గ్రంథాలయమునకు తోడ్కొని వచ్చుట పెద్దల విధి. నగలమ్మిన వెంకమ్మ చేసినది ఇంచుమించుగ ఇదియే.